జరిగింది, జరిగి ఉంటుంది, జరగవలసింది
గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం, పొలసర



వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు నడిచే ఈ ఊళ్ళో, గిడుగు వెంకట రామమూర్తి గారి పేరు మీద నాలుగు మాటలు చెప్పే అవకాశం దొరకడం నాకు పెద్ద గౌరవం. ఆయన 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. ఆ ఊరు ఈనాడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది గానీ, అప్పటికి అదీ గంజాం జిల్లాయే. ఉద్యోగ జీవితమంతా పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ గడిపారు. మన జిల్లా మాస్టారు అని చెప్పుకునే హక్కు మనకుంది.

ఆయన పేరు తలుచుకునే ప్రతి సభలోనూ వ్యావహారిక భాషోద్యమం గురించి వింటాం. ఆ ఉద్యమం ఎక్కడ పుట్టిందో మాత్రం అంతగా చెప్పుకోం. 1906 ప్రాంతంలో ఈ ఉత్తర జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర వచ్చారు. భాషను నోటి మాటతో మొదలుపెట్టి నేర్పాలన్న పద్ధతి ఆయనకు ఇష్టం. తను తెలుగు నేర్చుకుంటుంటే పుస్తకంలో ఒక తెలుగు, జనం నోట ఇంకొక తెలుగు కనబడ్డాయి. ఇదేమిటని విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. ఆ ప్రశ్న గిడుగు దగ్గరికీ గురజాడ దగ్గరికీ వచ్చింది. ఇంగ్లీషు ఎలా నేర్పాలి అన్న ఆలోచనలోంచే మన తెలుగు ఎలా రాయాలి అన్న పోరాటం మొదలైంది. నేను ఈరోజు అదే దారిలో వెనక్కి నడుస్తాను. తెలుగు దగ్గర బయలుదేరి ఇంగ్లీషు దగ్గరికి వెళ్తాను.

నా విషయం చూడటానికి చిన్నది. జరిగిపోయిన సంగతుల గురించి ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కుడ్, మే, మైట్, మస్ట్, షుడ్, వుడ్ అనే మోడల్ క్రియలు ఎలా నడుస్తాయి? మన పిల్లలు వాటిని ఎందుకు తప్పు రాస్తున్నారు? వాళ్ళకు భావం తెలియక అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ భావభేదాలన్నీ వాళ్ళ నోట్లో తెలుగులోనూ ఒడియాలోనూ పసితనం నుంచీ ఉన్నాయి. వాటిని క్లాసు గుమ్మం బయట వదిలి రమ్మంటున్నాం. తప్పంతా అక్కడుంది.

ఒక వాక్యం చూపిస్తాను. ఫైలిన్ తుపాను మీద వ్యాసం రాయమంటే, ఋషికుల్య ఒడ్డు ఊరి అమ్మాయి ఒకతె ఇలా రాసింది: 'మై గ్రాండ్‌ఫాదర్ కుడ్ హావ్ సేవ్డ్ టూ కౌస్.' ఏం జరిగిందో ఆ పిల్ల నోటితో చెప్పింది. తాత నడుంలోతు నీళ్ళలో పశువులశాలలోకి వెళ్ళి, కత్తిపీటతో పలుపులు కోసి, రెండు ఆవుల్ని గట్టు మీదికి తోలుకొచ్చాడు. మూడోదాని దగ్గరికి వెళ్ళలేకపోయాడు. తెలుగులో 'తాత రెండావుల్ని కాపాడగలిగాడు' అంది. కానీ ఆమె కాగితం మీద పెట్టిన ఇంగ్లీషు వాక్యం ఏం చెబుతోంది? 'తాత కాపాడగలిగేవాడే, కాపాడలేదు' అని. చేసిన మనిషిని చేయనివాడిగా నిలబెట్టింది. పేపరు దిద్దేవారు అక్కడ ఎర్ర సిరాతో ఒక గీత గీస్తారు, అర మార్కు తీసేస్తారు. పోయింది అర మార్కు కాదు. తాత ఆ రాత్రి చేసిన పని పోయింది.

ఆ పిల్ల ఎందుకలా రాసింది? 'కెన్'కు భూతకాలం 'కుడ్' అని ఒక ఏడాది నేర్పాం. 'హావ్' తరవాత మూడో రూపం పెడితే అయిపోయిన పని అని ఇంకో ఏడాది నేర్పాం. తాత చేసింది అయిపోయిన పని, పైగా చేయగలిగిన పని. రెండు సూత్రాలూ కలిపి పెట్టింది. ఆమె తర్కంలో లోపం లేదు. ఆ రెండూ కలిసినప్పుడు అర్థం తిరగబడుతుందన్న సంగతి ఎవరూ చెప్పలేదు. 'కుడ్ ఏబుల్ టు' అని రాసే పిల్లల సంగతీ అంతే. 'గలిగాను' అన్నదాన్ని ఎక్కడో ఒకచోట పట్టుకోవాలని ఆ రెండు మాటలనీ పక్కపక్కన పెడతారు.

ఒక్కసారి జరిగిన పనిని సాధించామని చెప్పాలంటే ఇంగ్లీషులో 'వజ్ ఏబుల్ టు' అనాలి, లేదా 'మేనేజ్డ్ టు' అనాలి. అసలు 'సేవ్డ్' అంటే చాలు. 'కుడ్' ఒంటరిగా ఉన్నప్పుడు మామూలుగా ఉండే శక్తిని చెబుతుంది: 'నాలుగేళ్ళకే చదవగలిగేది' అనే చోట 'షి కుడ్ రీడ్' సరిపోతుంది. కాకపోతే 'కుడ్ నాట్' అన్నప్పుడు ఈ చిక్కు లేదు. మూడో ఆవు దగ్గరికి వెళ్ళలేకపోయాడు అనడానికి 'కుడ్ నాట్ రీచ్' నిక్షేపంగా చెల్లుతుంది. చూడటం, వినడం లాంటి క్రియలతో కూడా 'కుడ్' ఇబ్బంది పెట్టదు. అందుకే ఒక్క ముక్కలో సూత్రం చెప్పి వదిలేస్తే పిల్లలు మళ్ళీ మోసపోతారు.

ఇంగ్లీషు ఇలా ఎందుకు తయారైంది? పిల్లలకు కాకపోయినా మాస్టార్లకు తెలియాల్సిన చరిత్ర ఇది. కెన్, మే, షల్ అనే మూడూ పుట్టుకతోనే భూతకాలపు రూపాలు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో 'కెన్'కు 'తెలుసు' అని అర్థం, అంటే 'తెలుసుకుని ఉన్నాను' అని. 'షల్' అంటే బాకీ ఉన్నాను. ఈ రూపాలు అరిగి అరిగి వర్తమానానికి వచ్చేశాయి. వాటికోసం కొత్త భూతకాలాలు కట్టుకున్నారు: కుడ్, మైట్, షుడ్. కొన్ని శతాబ్దాలకు అవీ భూతకాలపు పని తగ్గించుకుని, 'ఇప్పుడు వీలైతే', 'ఇప్పుడు చేస్తే మంచిది' అనే అర్థాలకు జారాయి. 'మస్ట్' కథ మరీ వింత. అది ఇంకో పాత క్రియకు భూతకాలం. మూలక్రియ పోయింది, భూతకాలపు రూపం వర్తమానమై కూర్చుంది, ఇక దానికంటూ భూతకాలం లేకుండా పోయింది. 'ఆట్' కూడా 'ఓ' అనే క్రియకు, అంటే బాకీ పడటానికి, ఒకప్పటి భూతకాలమే. 'కుడ్' వర్ణక్రమంలో పలకని ఎల్ అక్షరం అసలు లేదు. షుడ్, వుడ్‌లను చూసి తరవాత అతికించారు.

నిన్నటి రూపాలన్నీ ఇవాళ్టికి వాడేసుకున్న భాషకు నిజంగా నిన్నటి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఏం మిగిలింది? పక్కనే ఉన్న 'హావ్'ను పిలుచుకుంది. కుడ్ హావ్, మస్ట్ హావ్, షుడ్ హావ్ అలా వచ్చాయి. ఈ 'హావ్' మీద నొక్కు ఉండదు, అందువల్ల నోట్లో 'అవ్' అని మాత్రమే వినబడుతుంది. ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్లలే 'షుడ్ ఆఫ్' అని రాసి మాస్టార్ల చేత చీవాట్లు తింటారు. చెవి విన్నదాన్నే చెయ్యి రాస్తుంది. మన పిల్లలది వేరే తప్పు. వాళ్ళు 'షుడ్ హాడ్ గాన్', 'మైట్ హాడ్ కమ్' అని రాస్తారు. గతం కాబట్టి 'హాడ్' ఉండాలని వాళ్ళ నమ్మకం. ఈ 'హావ్' గతాన్ని మోస్తున్నా మోడల్ వెనక మారకుండా నిలబడుతుందని ఒక్కసారి చూపిస్తే చాలు, ఆ తప్పు పోతుంది. ఇది సులువైన తప్పు. దీని మీద నేను ఎక్కువసేపు నిలవను.

కష్టమైనవి అర్థం దగ్గర జరిగే తప్పులు. అక్కడ మనకు గొప్ప ఆస్తి ఉంది. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉంది. 'నాన్న వచ్చి ఉంటారు' అంటాం. ఖాయంగా అనిపిస్తే 'వచ్చే ఉండాలి' అంటాం. అనుమానంగా ఉంటే 'వచ్చి ఉండవచ్చు' అంటాం. పెళ్ళికి రాని బంధువు గురించి 'రావలసింది' అంటాం. మనసు లేకపోయినా వచ్చినవాడి గురించి 'రావలసి వచ్చింది' అంటాం. చనిపోయిన తాత గురించి 'రోజూ సాయంత్రం వచ్చేవాడు' అంటాం. 'కబురు పెడితే వచ్చేవాడే' అని కూడా అంటాం. ఈ తేడాలు ఏ బడీ నేర్పలేదు. పొలసర సంతలో ఉల్లిపాయలు అమ్ముకునే అమ్మ కూడా వీటిని ఒకదాని బదులు ఇంకొకటి పొరపాటున అనదు.

ఒడియా సంగతి చూడండి. 'సె ఆసిథిబ' అంటే మన 'వచ్చి ఉంటాడు'. 'ఆసి' అంటే వచ్చి, 'థిబ' అంటే ఉంటాడు. ఎముకకు ఎముక సరిపోతుంది. 'సె ఆసిథాంతా' అంటే వచ్చి ఉండేవాడు, అంటే రాలేదు. 'సె ఆసుథిలా' అంటే వస్తుండేవాడు. రెండు భాషలూ వేరువేరు కుటుంబాలవి. అయినా ఈ గంజాం నేల మీద పక్కపక్కనే ఉన్నాయి. రెండూ తెలిసిన పిల్లవాడు 'మస్ట్ హావ్ కమ్' దగ్గర తడబడుతున్నాడంటే, వాడి సామాను వాడికి మనం చూపించలేదని అర్థం.

ముందుగా 'మస్ట్ హావ్' సంగతి చూద్దాం. 'మస్ట్'లో రెండు పనులున్నాయి, ఒకటి నిర్బంధం, ఇంకొకటి ఆధారం మీద చేసే తీర్మానం. వర్తమానంలో ఆ రెండూ ఒకే మాటలో ఇమిడిపోతాయి. గతంలోకి రాగానే దారులు చీలిపోతాయి. నిర్బంధం 'హాడ్ టు' వైపు వెళ్తుంది, తీర్మానం 'మస్ట్ హావ్' దగ్గర ఆగుతుంది. వెళ్ళవలసి వచ్చింది, వెళ్ళి ఉండాలి. మన పిల్లలు మొదటిదానికి 'మస్ట్ వెంట్' అని రాస్తారు. 'వలసి వచ్చింది' అనే చోట 'హాడ్ టు', 'ఉండాలి' అనే చోట 'మస్ట్ హావ్' అని రెండు జతలు కట్టిస్తే చీకాకు పోతుంది.

తీర్మానం అంటే ఏమిటో గిడుగు వారి పని చెబుతుంది. తూర్పు గాంగ రాజుల రాగిరేకుల్లో వాళ్ళ రాజధాని కళింగనగరం అని ఉంటుంది. ఆ నగరం ఎక్కడ? సముద్రపు ఒడ్డున ఉన్న కళింగపట్నమే అయి ఉంటుందని కొందరు అన్నారు. పేరు దగ్గరగా ఉంది కాబట్టి అలా అనుకోవడం సహజం. రామమూర్తి గారు చరిత్ర పాఠాలు చెప్పే మాస్టారు. పాత లిపులు స్వయంగా నేర్చుకున్నారు. వంశధార ఒడ్డున ముఖలింగం గుళ్ళలోని శాసనాలు చదివి, కళింగనగరం ఇదే అయి ఉండాలని వాదించారు. చరిత్రకారుల్లో చాలామంది ఆ మాట ఒప్పుకున్నారు. 'అయి ఉంటుంది' నుంచి 'అయి ఉండాలి' వరకు నడిపించింది శాసనాలు. 'మే హావ్ బీన్' అనే చోట 'మస్ట్ హావ్ బీన్' అనాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ఒక్క కథ చెప్పి, 'నీ చేతిలో ఏముంది?' అని అడగడం అలవాటు చేస్తే, వాళ్ళు ఇంగ్లీషుతో పాటు ఇంకా చాలా నేర్చుకుంటారు.

ఇక్కడికి ఎంతో దూరం లేని జౌగడకు కూడా పిల్లల్ని తీసుకువెళ్ళాలి. పురుషోత్తమపూర్ దగ్గర ఆ కొండరాతి మీద అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధం క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో జరిగింది. లక్ష మంది చచ్చారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ, దానికి తాను కుమిలిపోయాననీ అశోకుడు పదమూడో శాసనంలో చెప్పుకున్నాడు. విచిత్రమేమంటే ఆ పదమూడో శాసనం కళింగలో లేదు. జౌగడలోనూ లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వదిలేసి, వాటి బదులు కళింగ అధికారుల కోసం వేరే రెండు శాసనాలు చెక్కించారు. ప్రజలంతా నా బిడ్డలు అని వాటిలో ఉంటుంది.

ఎందుకు వదిలేసి ఉంటారు? ఓడిన జనానికి ఆ గాయం మళ్ళీ గుర్తుచేయకూడదని అనుకుని ఉండవచ్చు. పరిపాలకుడి పశ్చాత్తాపం కొత్తగా గెలిచిన నేల మీద బలహీనతగా కనిపిస్తుందని భయపడి ఉండవచ్చు. ఎవరూ 'మస్ట్ హావ్' అనలేరు. 'మే హావ్' దగ్గరే ఆగాలి. ఈ నిగ్రహం చరిత్ర రాసేవారికి ఎంత అవసరమో వ్యాసం రాసే పిల్లలకూ అంతే అవసరం. మన పత్రికల్లో, ఉపన్యాసాల్లో 'అయి ఉండవచ్చు' అనవలసిన చోట 'అయింది' అని రాసేసే అలవాటు పెరుగుతోంది. అది నన్ను బాధపెడుతుంది.

'మే హావ్'కీ 'మైట్ హావ్'కీ ఒక తేడా చెప్పి ముందుకు వెళ్తాను. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఫోన్లు మూగబోయాయి. సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో కూలికి వెళ్ళిన కొడుకు, ఊళ్ళో తండ్రి సంగతి తెలియక కొట్టుకులాడాడు. 'మునిగిపోయి ఉండవచ్చు' అని లోపల భయపడ్డాడు. అది 'హి మే హావ్ డ్రౌన్డ్'. ఏం జరిగిందో తెలియదు. రెండు రోజులకు ఫోను కలిసింది. నాన్న స్కూలు భవనంలో క్షేమంగా ఉన్నాడు. అప్పుడు ఆ కొడుకు 'ఇంట్లోనే ఉంటే మునిగిపోయేవాడు' అన్నాడు. అది 'హి మైట్ హావ్ డ్రౌన్డ్'. ఏం జరిగిందో తెలుసు, ఆ ప్రమాదం తప్పింది. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళలో చాలామంది మొదటి అర్థానికి కూడా 'మైట్ హావ్' వాడతారు. కానీ తప్పిన ప్రమాదానికి 'మే హావ్' వాడితే వినేవారి గుండె జారుతుంది. తెలుగులో 'ఉండవచ్చు'కూ 'పోయేవాడు'కూ ఉన్న దూరం ఎంతో, అక్కడి దూరమూ అంతే.

ఆ తుపాను దగ్గరే ఇంకాసేపు ఉందాం. 'వుడ్ హావ్' అనే రూపాన్ని ఫైలిన్ కంటే బాగా నేర్పే పాఠం నాకు దొరకలేదు. 1999 అక్టోబర్ 29 మహా తుపానులో ఒడిశా తీరంలో దాదాపు 10,000 మంది పోయారు. అందరికీ తెలిసిన లెక్క అది. 2013లో ఫైలిన్‌కు ముందు సుమారు 10 లక్షల మందిని ఇళ్ళ నుంచి తరలించారు. ఈసారి చనిపోయినవారు యాభైకి లోపే. తరలించి ఉండకపోతే ఎంతమంది పోయి ఉండేవారు? ఆ సంఖ్య ఎక్కడా లేదు, ఉండదు. పోయినవారి పేర్లకు జాబితా ఉంటుంది. బతికి బయటపడ్డవారిలో ఎవరు పోయి ఉండేవారో చెప్పే జాబితా ఉండదు. ఊరూరా మైకు పట్టుకుని తిరిగిన సర్పంచులు, అంగన్‌వాడీ అమ్మలు, కదలనని మొండికేసిన ముసలివాళ్ళను భుజాన వేసుకుని ఎత్తుకొచ్చిన కుర్రాళ్ళు చేసిన మేలంతా ఒక్క 'వుడ్ హావ్'లో ఉంది. భాషలో ఆ రూపమే లేకపోతే వాళ్ళకు కృతజ్ఞత చెప్పడానికి మాటే ఉండదు.

దానికి ఎదురుగా 'షుడ్ హావ్' ఉంది. చేయవలసింది చేయలేదని నిలదీసే రూపం అది. 1866 నాటి ఒడిశా కరువును మన పక్క 'నఅంక' అని ఇప్పటికీ తలుచుకుంటారు. సుమారు పది లక్షల మంది పోయారని అంచనా. వర్షాలు పోయిన సంవత్సరమే, అంటే 1865 చివర్లోనే, పంట దెబ్బతిందని తెలిసింది. అధికారులు బయటినుంచి బియ్యం తెప్పించలేదు. వ్యాపారులే తెస్తారని ఊరుకున్నారు. తెలివి తెచ్చుకునేసరికి వానాకాలం వచ్చింది, ఓడలు రేవుకు చేరే దారి మూసుకుపోయింది. తరవాత జార్జ్ కాంప్‌బెల్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. అది కటక్ కమిషనర్ రావెన్‌షా మొదలు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ బీడన్ వరకు తప్పుపట్టింది. ఆ సంఘం పనంతా ఒకటే ప్రశ్న చుట్టూ తిరిగింది: తెలిసినప్పుడు ఏం చేసి ఉండవలసింది? తెప్పించగలిగేవారా? 'కుడ్ హావ్' రుజువు కాకుండా 'షుడ్ హావ్' అనడం అన్యాయం. చేయడానికి వీలే లేనప్పుడు చేయవలసింది అని ఎవరినీ నిలదీయలేం. ఆ రెండు రూపాలకూ మధ్య ఉన్న ఈ బంధం ఏ వ్యాకరణ పుస్తకంలోనూ సూత్రంగా ఉండదు. కానీ ప్రతి విచారణలోనూ, ప్రతి కోర్టులోనూ, ప్రతి ఇంటి తగవులోనూ అదే నడుస్తుంది.

'షుడ్ హావ్' ఎవరి నోట ఉందన్నదాన్ని బట్టి దాని దిక్కు మారుతుంది. దీనికి మన జిల్లా కంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. గంజాం ఒడియా వారు 1903 నుంచి ఉత్కళ సమ్మిళని వేదికల మీద, మమ్మల్ని మద్రాసులో ఉంచవలసింది కాదు, కటక్‌తో కలపవలసింది అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై గంజాం దానిలో కలిసినప్పుడు, పర్లాకిమిడి తెలుగువారు, మమ్మల్ని ఇటు కలపవలసింది కాదు అన్నారు. రామమూర్తి గారు అప్పుడే పర్లాకిమిడి వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన 1880 నుంచి ఉంటున్న ఊరు అది. సవర భాష మీద పనంతా ఆ చుట్టుపక్కల కొండల మనుషులతో మాట్లాడి చేసిందే. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. ఆయన వెళ్ళకుండా ఉండవలసిందని నాకు అనిపిస్తుంది. ఆయన ఉండి ఉంటే సరిహద్దుకు ఇవతల ఉండిపోయిన మన తెలుగు బళ్ళకు పెద్ద దిక్కు ఉండేది. ఆయన బాధ ఆయనది, దానికి నేను వంక పెట్టను. నా 'ఉండవలసింది' ఇక్కడ మిగిలిపోయిన వారిలో ఒకరిగా అన్న మాట.

ఇప్పుడు మీకు ఒక సొగసు చూపించాలి. 'వచ్చేవాడు' అన్న మన మాటకు రెండు పనులున్నాయి. 'తాత రోజూ వచ్చేవాడు' అంటే అలవాటు, నిజంగా జరిగినది. 'పిలిస్తే వచ్చేవాడు' అంటే ఊహ, జరగనిది. ఇంగ్లీషు 'వుడ్' కూడా అచ్చంగా ఇంతే. 'హి వుడ్ కమ్ ఎవ్రీ ఈవెనింగ్' అన్నప్పుడు అలవాటు, 'ఇఫ్' ఉన్నప్పుడు ఊహ. ఏ సంబంధమూ లేని రెండు భాషలు జరిగిన అలవాటునీ జరగని ఊహనీ ఒకే గూట్లో పెట్టుకున్నాయి. ఒడియా మాత్రం 'ఆసుథిలా', 'ఆసిథాంతా' అని విడదీసింది. ఎందుకిలా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఇప్పుడు కళ్ళ ముందు లేనిదాన్ని మనసులో నిలబెట్టుకోవడం రెండింట్లోనూ ఉంది కాబట్టి అయి ఉండవచ్చు.

క్లాసులో మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. అలవాటును చెప్పే 'వుడ్' పనులకే చెల్లుతుంది, స్థితులకు చెల్లదు. 'ఇక్కడ ఒక మర్రిచెట్టు ఉండేది' అనడానికి 'దేర్ యూజ్డ్ టు బి' అనాలి, 'వుడ్ బి' కుదరదు. 'మా తాత బరంపురంలో ఉండేవాడు' కూడా అంతే. కథ చెప్పేటప్పుడు ముందు ఒకసారి 'యూజ్డ్ టు' పెట్టి, తరవాత 'వుడ్'తో అల్లుకుంటూ పోతే ఇంగ్లీషు చెవికి బాగుంటుంది. ఇంకో తప్పు కూడా దిద్దాలి. ఇప్పటి అలవాటుకు 'ఐ యూజ్ టు గో' అని రాస్తారు. 'వెళ్తుంటాను' అనాలని వాళ్ళ ఉద్దేశం. దానికి 'ఐ యూజువలీ గో' చాలు.

తెలుగు మనకు తిన్నగా దారి చూపని చోటు కూడా ఉంది. వండారు, తినేవారు రాలేదు. ఇంగ్లీషు 'యు నీడన్ట్ హావ్ కుక్డ్' అంటుంది: వండావు, అవసరం లేకపోయింది. 'డిడన్ట్ నీడ్ టు కుక్' అంటే అవసరం పడలేదు, బహుశా వండనే లేదు. మనం మొదటిదాన్ని క్రియలో చెప్పం. 'అనవసరంగా వండావు' అని పక్కన ఒక మాట చేరుస్తాం. ఇలాంటి చోట ఇది మనకు లేని రూపం అని పిల్లలకు ఒప్పుకుని చెప్పాలి. ఉన్నవాటి దగ్గర ధైర్యం ఇచ్చి, లేనివాటి దగ్గర ఆగి నెమ్మదిగా నేర్పాలి. అన్నీ కొత్తవే అన్నట్టు మొత్తం పట్టీ ఒకేసారి బోర్డు మీద రాసేస్తే ఆ ధైర్యం పోతుంది.

యేట్స్ కాలం నాటి డైరెక్టు పద్ధతికి ఇక్కడ నాకు ఒక పేచీ ఉంది. నోటి మాటతో మొదలుపెట్టాలన్న భాగం నాకు శిరోధార్యం. ఇంగ్లీషు క్లాసులో పిల్లల భాష వినబడకూడదన్న భాగం ఒప్పుకోను. రామమూర్తి గారు సవర పిల్లలకు సవరలోనే చదువు మొదలవ్వాలని పుస్తకాలు రాశారు. అలాంటి మనిషి పేరు మీద మాట్లాడుతూ, తెలుగు పిల్లవాడి నోటికి తాళం వేసి ఇంగ్లీషు నేర్పమని నేను అనలేను. 1873లో ఆర్డెన్ దొర, అంతకు ముందు 1840లో బ్రౌన్ దొర, ఇంగ్లీషువాళ్ళు తెలుగు నేర్చుకోవడానికి వ్యాకరణాలు రాసుకున్నప్పుడు అడుగడుగునా తమ భాషతో పోల్చుకున్నారు. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా ఇంగ్లీషులోనే ఉంది. ఆ పోలికను తిప్పి పట్టుకుని మన పిల్లలకు వాడే పుస్తకం మన బళ్ళకు కావాలి. రెన్ అండ్ మార్టిన్ ఇంగ్లీషు వ్యాకరణం మంచి పుస్తకమే. కానీ గంజాం పిల్లవాడి నోట్లో ఏముందో దానికి తెలియదు.

చేయగలిగిన పని ఒకటి చెబుతాను. ఇక్కడున్న టీచర్లు వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు. పిల్లల్ని ఇంటికి పంపి, ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్క సంఘటన గురించి అడగమనండి. 1990 ఋషికుల్య వరద కావచ్చు, ఫైలిన్ కావచ్చు, ఇంట్లో ఆగిపోయిన పెళ్ళి కావచ్చు. అమ్మమ్మ ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలతోనే, తెలుగైతే తెలుగు, ఒడియా అయితే ఒడియా, రాసుకు రమ్మనండి. క్లాసులో ఆ కాగితం మీద 'గలిగాడు', 'వలసింది', 'ఉంటాడు', 'ఉండవచ్చు', 'వచ్చేవాడు' ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్లల చేతనే గీత గీయించండి. ఒక్కో గీత కింద, 'ఇది జరిగిందా, జరగలేదా, తెలియదా?' అన్న ప్రశ్నకు జవాబు రాయించండి. ఇంగ్లీషు ఆ తరవాతే. జవాబు 'జరిగింది' అయితే అక్కడ 'కుడ్ హావ్' రాకూడదు. 'జరగలేదు' అయితే 'కుడ్ హావ్', 'షుడ్ హావ్', 'వుడ్ హావ్'లలో ఏదో అమ్మమ్మ గొంతును బట్టి తేలుతుంది. 'తెలియదు' అయితే 'మే హావ్'.

ఆవుల గురించి రాసిన అమ్మాయి చేత కూడా ఇలాగే చేయించాం. రెండో ఆవు కింద 'జరిగింది' అని రాసింది. మూడో ఆవు దగ్గర కలం ఆపి, తాత ఇంకొక్క నిమిషం ముందు వెళ్ళి ఉంటే దాన్నీ తెచ్చేవాడా అని తనే అడిగింది. ఆ ఊరి పిల్లలు ఆ గంటంతా అదే వాదించుకున్నారు, సగం తెలుగులో, సగం ఒడియాలో, చివరికి 'కుడ్ హావ్'తో. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి, పలుపు ఎక్కడ కట్టి ఉంది, తాత కాలికి అప్పటికే దెబ్బ తగిలిందా అని ఒకరినొకరు సాక్ష్యం అడిగారు.

నా మాట ఇంతవరకు. ఇక్కడి బళ్ళలో పనిచేస్తున్నవారికి వేరే అనుభవం ఉండి ఉంటుంది. నేను పట్టించుకోని రూపాలు, మీ పిల్లలు రాసే వేరే రకం తప్పులు ఉంటే ఇప్పుడే చెప్పండి, వింటాను.